సంగీత దుకాణాన్ని నిలబెట్టేది వెనక గదిలోని బల్ల

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండు మూడు తరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న సంగీత వాయిద్యాల దుకాణం మూతపడబోతోందని తెలియగానే జరిగే తంతు మనకు కొత్తేమీ కాదు. పాత ఫొటోలు బయటికి వస్తాయి. నా మొదటి గిటార్ అక్కడే కొన్నానంటూ తలా ఒక జ్ఞాపకం రాస్తారు. ఎవరో పూనుకుని విరాళాలు పోగుచేస్తారు. కొన్ని నెలలు గడిచాక అదే గదిలో ఫోన్లు అమ్ముతుంటారు. చాలా ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నవాడిగా ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మన జాలికి గురి తప్పుతోంది.

మనం తలచుకుని బాధపడేది గోడకు వేలాడే గిటార్ల గురించి, అద్దాల బీరువాలోని వేణువుల గురించి. అవి ఇవాళ ఎక్కడైనా దొరుకుతాయి. వెనక గదిలో, దీపం కింద ఉండే మరమ్మతు బల్ల మాత్రం ఎక్కడబడితే అక్కడ దొరకదు.

ఈ సంగతి నాకు సిగ్గుపడుతూ తెలిసొచ్చింది. ఒకసారి ఇలాంటి దుకాణంలో గంటసేపు కూర్చుని నాలుగు వయొలిన్లు వాయించి చూశాను. నచ్చినదాని వివరాలు రాసుకుని, ఇంటికి వెళ్లి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. పెట్టె తెరిస్తే, తీగలను ఎత్తిపట్టే చెక్కముక్క, అదే బ్రిడ్జి, పడిపోయి ఉంది. వాయిద్యాన్ని కదిపితే లోపల ఏదో దొర్లుతోంది. మొహం చెల్లకపోయినా మళ్లీ ఆ దుకాణానికే తీసుకెళ్లాను. పెద్దాయన ఎక్కడ కొన్నావని అడగలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, సౌండ్‌పోస్ట్ పడిపోయిందని చెప్పి బల్ల ముందు కూర్చున్నారు.

సౌండ్‌పోస్ట్ అంటే పెన్సిల్ కంటే కాస్త సన్నని కర్రముక్క. వయొలిన్ పై పలకకూ అడుగు పలకకూ మధ్య, బ్రిడ్జి కాలికి కొంచెం వెనకగా నిలబడి ఉంటుంది. దానికి జిగురు పెట్టరు, మేకు కొట్టరు. కొలతకు సరిగ్గా చెక్కి నిలబెడితే తీగల బిగువే పట్టి ఉంచుతుంది. ఫ్రెంచివారూ ఇటాలియన్లూ దాన్ని తమ భాషల్లో ఆత్మ అనే పిలుస్తారు. ఎస్ ఆకారంలో వంచిన ఇనుప పనిముట్టు మొనకు ఆ ముక్కను గుచ్చి, వయొలిన్ పై పలకలో ఉండే సన్నని చీలికలోంచి లోపలికి దింపి, దాదాపు కనబడని చోట నిలబెట్టాలి. ఆయన నిలబెట్టారు. తీగలు బిగించి నాలుగు స్వరాలు వాయించారు, పెదవి విరిచారు, కాస్త వదులుచేసి వెంట్రుకవాసి జరిపారు. అప్పటిదాకా ముక్కుతో పలుకుతున్న వాయిద్యం ఒక్కసారిగా గొంతు విప్పింది.

ఈ పని వీడియోలు చూస్తే పట్టుబడేది కాదు. తండ్రి పక్కనో మేస్త్రీ పక్కనో ఏళ్ల తరబడి కూర్చుని, కొన్ని వాయిద్యాలు పాడుచేసి, తిట్లు తిని నేర్చుకోవాల్సింది. దుకాణం మూసేటప్పుడు సరుకును తగ్గింపు ధరకు అమ్మేయవచ్చు. ఆ చేతి పనితనాన్ని ఏ లెక్కలో రాస్తారు?

పేరు, చరిత్ర ఉంటే చాలు, దుకాణం దానంతటదే నిలబడుతుందనుకునేవారు అమెరికాలోని శామ్ యాష్ సంగతి చూడాలి. వయొలిన్ వాయించి, నేర్పి బతికిన ఒకాయన, భార్య నిశ్చితార్థపు ఉంగరం తాకట్టుపెట్టి 1924లో బ్రూక్లిన్‌లో తెరిచిన దుకాణం అది. కుటుంబం చేతిలోనే ఎన్నో నగరాలకు విస్తరించింది. సరిగ్గా నూరేళ్లు నిండిన 2024లో, అప్పటికి మిగిలిన 42 దుకాణాలనూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. మరోవైపు బ్రిటన్‌లో, వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో 1894లో మొదలైన స్పిల్లర్స్ అనే పాటల రికార్డుల దుకాణం, అద్దె పెరిగి మూతపడే ప్రమాదం వచ్చినా, 2010లో అదే నగరంలో మరోచోటికి మారి నిలబడింది. తండ్రి నుంచి కూతురు పగ్గాలు అందుకుంది. మారడానికి సరిపడా వ్యవధి, పూనుకునే మనిషి ఉండటం ఎంత పెద్ద విషయమో అనుకుంటాను ఈ రెంటినీ తలచుకున్నప్పుడు.

వ్యవధిని హరించేది అద్దె. చాలా దుకాణాలకు ఆన్‌లైన్ పోటీ మెల్లగా ఎక్కే జ్వరమైతే, లీజు ముగిసే రోజు గుండెపోటు. శాన్‌ఫ్రాన్సిస్కో ఈ నాడిని సరిగ్గా పట్టుకుంది. ముప్పై ఏళ్లు దాటిన వ్యాపారాలను వారసత్వ వ్యాపారాలుగా నమోదు చేసే పద్ధతి పెట్టి, వాటికి తోడ్పడే నిధికి 2015లో ఓటర్ల ఆమోదం తీసుకుంది. అందులో నాకు నచ్చిన తెలివి ఏమిటంటే, అలాంటి దుకాణానికి కనీసం పదేళ్ల లీజు రాసిచ్చే భవన యజమానికి కూడా నగరమే కొంత సొమ్ము ఇస్తుంది. యజమానిని దుర్మార్గుడని తిట్టి లాభం లేదు. ఆయనకూ లెక్కలుంటాయి. ఆ లెక్కను మార్చాలి.

ఇక ప్రతి నెలా వచ్చే రాబడి. విరాళం ఒక్కసారి వస్తుంది, దుకాణం అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాలి. పిల్లల వయొలిన్లు పావు, సగం, ముప్పావు అంటూ సైజుల్లో ఉంటాయి. చేయి సాగినకొద్దీ మార్చాలి. కొన్నది ఏడాదికో రెండేళ్లకో అటకెక్కుతుంది. అలా కాక దుకాణమే వయొలిన్లను అద్దెకిస్తే, తిరిగొచ్చిన వాయిద్యాన్ని బల్లమీద సరిచేసి, ఇంకో పిల్లవాడి చేతికి ఇస్తుంది. తల్లిదండ్రులకు ఖర్చు తగ్గుతుంది, బల్లకు పని దొరుకుతుంది. పాఠశాలలు ఈ పద్ధతికి మళ్లితే ఎంతో మేలు. ఇప్పుడు అవి తక్కువ ధర కోట్ చేసినవారి దగ్గర వాయిద్యాలు కొని, తీగ తెగిన రోజు నుంచి గదిలో పెట్టి తాళం వేస్తున్నాయి. కొనుగోలు ఒప్పందంలోనే ఏడాది మరమ్మతును చేర్చమని విద్యాశాఖ ఒక్క వాక్యం రాస్తే, ఆ ఆర్డర్లు ఎవరికి వెళ్లాలో వాటంతటవే అక్కడికి వెళతాయి.

దుకాణాల కుటుంబాలనూ ఒక మాట అనక తప్పదు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు తప్పు స్వరం మీటితే ముఖం చిట్లించే కొట్లు నేను చూశాను. మరమ్మతుకు ఎంతవుతుందో రాసిపెట్టని కొట్లు ఇంకా ఎక్కువ. కొడుకుకో కూతురికో ఇష్టం లేకపోతే అది నేరం కాదు. కానీ ఇంటివాళ్లు కాదన్నాక కథ ముగిసిందనుకోవడం ఎందుకు? ఇరవై ఏళ్లుగా పక్కన కూర్చున్న పనివాడికి వాటా ఇచ్చి అప్పగించవచ్చు కదా. అలా అప్పగించాలన్నా ముందుగా నోరు విప్పాలి. కష్టం ఉందన్న సంగతి మాబోటి ఖాతాదారులకు మూసివేత బోర్డు చూశాక తెలిస్తే మేం చేయగలిగేది ఏమీ ఉండదు.

మీ పత్రికకు నా విన్నపం కూడా అదే. ఇలాంటి దుకాణాల గురించి చివరి రోజున కన్నీటి కథనం వేసే బదులు, లీజు ముగియడానికి ఏడాది ముందే వెళ్లి, అద్దె ఎంత పెరగబోతోంది, బల్ల దగ్గర పని నేర్చుకుంటున్నవారు ఎవరైనా ఉన్నారా అని అడిగి రాయించండి.

ఈ నెల నా విద్యార్థులు వయొలిన్ వాయించే కమాన్లు ఆరింటికి వెంట్రుకలు మార్పించాలి. ఆ పని నమ్మి ఇవ్వగలిగిన మనిషి నాకు తెలిసి ఒక్కరే మిగిలారు. ఆయనకు డెబ్బై దాటింది, పక్క స్టూలు ఖాళీగా ఉంది.

భవదీయుడు,
ఒక వయొలిన్ ఉపాధ్యాయుడు