గొట్టాల దారి ముందు, మిషన్లు తర్వాత

నాన్నా,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. షెడ్డులో వడ్రంగం పని మొదలుపెడుతున్నానని చెప్పాను కదా, మిషన్ల కన్నా ముందు పొట్టు లాగే గొట్టాల సంగతి తేల్చుకుంటున్నాను. మీ దగ్గే నన్ను తొందరపెడుతోంది. కంటికి కనిపించే పొట్టును చీపురుతో ఊడ్చేయొచ్చు. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) కన్నా సన్నటి ధూళి అలా కాదు, గాలిలో చాలాసేపు తేలుతూ ఊపిరితో లోపలికి దిగుతుంది. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. మీరు ఇకనైనా మాస్కు లేకుండా రంపం ముందు నిలబడకండి.

గొట్టం ఎంత లావైతే అంత మంచిదనుకుంటాం గానీ లెక్క వేరు. పొట్టు దారిలో కూలబడకుండా ఉండాలంటే గాలి నిమిషానికి సుమారు 4000 అడుగుల వేగంతో పోవాలి. 4 అంగుళాల గొట్టంలో ఆ వేగానికి నిమిషానికి 350 ఘనపుటడుగుల గాలి చాలు. 6 అంగుళాలకు దాదాపు 785 కావాలి. అంటే, అసలు గొట్టం 6 అంగుళాలది వేసి, 4 అంగుళాల కొమ్మ ఒక్కటే తెరిస్తే పెద్దదాంట్లో వేగం సగానికన్నా కిందికి పడిపోయి పొట్టు అడుగున పేరుకుంటుంది. అప్పుడు ఇంకో కొమ్మకున్న గేటు (గాలిని ఆపే మూత) కూడా కాస్త తెరవాలి. అలాగని అంతా 4 అంగుళాలే వేస్తే ఒరిపిడి పెరిగి, చిత్రిక మిషన్‌కు గాలి చాలదు. అందుకే దాన్ని కలెక్టర్ (పొట్టును లాగి పోగుచేసే మిషన్) పక్కనే పెట్టి, అక్కడిదాకా 6 అంగుళాలే నడిపిస్తాను. పేళ్లు ఎక్కువ రాల్చేది అదే కదా.

మూల తిరిగేచోట ఒక్కసారిగా 90 డిగ్రీల ఎల్బో వెయ్యను. రెండు 45లు, మధ్యలో జానెడు తిన్నని ముక్క. కొమ్మలు కలిసేచోట T ఆకారపు అతుకు కాకుండా Y ఆకారపుది, అదీ గాలి పోయే వైపుకు వాలి ఉండాలి. రేకు గొట్టాల అతుకు దగ్గర ఒకటి చూసుకోవాలి: నొక్కులు పెట్టి సన్నం చేసిన కొస కలెక్టర్ వైపుకు ఉండాలి. తిరగేస్తే లోపలి అంచుకు పొడుగాటి పేళ్లు తట్టుకుని, వాటి మీద పొట్టు చేరి దారి మూసుకుపోతుంది. ముడతల గొట్టం మాత్రం మిషన్ కదిలించడానికి ఎంత అవసరమో అంతే.

టేబుల్ రంపం దగ్గరే ఆగిపోయాను. 8 అడుగుల పలకను నడిపేటప్పుడు వెనకా పక్కనా మీరు ఎంత జాగా వదిలేవారో రాయండి. ఆ కొలత వస్తే గొట్టం పైనుంచి ఎక్కడ దించాలో గోడ మీద గీత గీసుకుంటాను.

మీ చిన్నోడు