గోడకు రంగు వేస్తే బూజు పోదు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలుకాగానే దోమల గురించీ కలుషిత నీటి గురించీ పత్రికల్లో హెచ్చరికలు వస్తాయి. ఇళ్ల గోడల్లో నిలిచిపోయే చెమ్మ గురించి, దాన్ని పట్టుకుని పెరిగే బూజు గురించి మాత్రం రాసేవారు తక్కువ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ముంచేసిన విజయవాడ కాలనీల్లో ఒకదానిలో ఉంటున్న విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుణ్ణి. కింది వాటాను అద్దెకు ఇచ్చిన ఇంటి యజమానిని కూడా. ఈ విషయంలో నేను చేసిన తప్పుతో సహా రాస్తున్నాను.

మా కింది వాటాలో నడుములోతు నీరు వారానికి పైగా నిలిచింది. నీరు పోయాక బురద కడిగించి, బ్లీచింగ్ పౌడరు చల్లించి, రెండు నెలలు తిరగకుండానే పుట్టీ పెట్టించి ఖరీదైన ప్లాస్టిక్ పెయింటు వేయించాను. ముంపుకు గురైన కింది అంతస్తు కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేల రూపాయలు మా ఇంట అద్దెకున్నవారి మంచాలకూ ఫ్రిజ్జుకూ చాలలేదు. గోడల సంగతి వారూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. సంక్రాంతికి ఇల్లు అద్దంలా ఉంది. మరుసటి శ్రావణంలో ఆ ఇల్లాలు పిలిచి, "మాస్టారూ, ఈ బీరువా వెనక ఒకసారి చూడండి" అన్నారు. నీరు నిలిచిన ఎత్తు వరకూ రంగు పొక్కులు లేచి ఉంది. వేలితో నొక్కితే పొక్కు పగిలి తడి సున్నంలాంటి పొడి రాలింది. బీరువా నీడ పడినంత మేర ఆవాలు చల్లినట్టు నల్లని చుక్కలు. బీరువా తలుపు తీస్తే ముక్కిపోయిన బియ్యం వాసన.

అప్పటికే నెల రోజులుగా వారి ఆరేళ్ల బాబుకు రాత్రిపూట పొడిదగ్గు వస్తోంది. దసరా సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్తే దగ్గు తగ్గింది. తిరిగి వచ్చిన మూడో రాత్రికి మళ్లీ మొదలైంది. ఈ మాట చెప్పగానే వైద్యుడు ఇన్‌హేలర్ రాయడంతో ఆగకుండా, పిల్లవాడు పడుకునే గదిలో గోడలు ఎలా ఉన్నాయని అడిగారట. ఊరు మారితే తగ్గి, ఇంటికి రాగానే తిరగబెట్టే దగ్గు, తుమ్ములు, పిల్లికూతలు ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పడం అందరూ అలవాటు చేసుకోవాలి.

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో శ్వాసకోశ ఇబ్బందులు, అలర్జీలు, ఆస్తమా ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి ముక్కు కారడంతో పోవచ్చు. పసిపిల్లలు, ఆస్తమా రోగులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారి సంగతి అలా కాదు. గోడలమీద తరచుగా కనిపించే యాస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలు (ఫంగస్‌లు) ఆస్తమా ఉన్న కొందరిలో ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీసే అలర్జీకి దారితీస్తాయి. అయితే 2021లో కోవిడ్ వెనుక వచ్చిన బ్లాక్ ఫంగస్‌కూ ఈ మచ్చలకూ ముడిపెట్టి బెంబేలెత్తనవసరం లేదు. ఆ జబ్బులో నలుపు, శిలీంధ్రం సోకిన కణజాలం చచ్చిపోవడం వల్ల వచ్చేది. గోడమీది నలుపుతో దానికి సంబంధం లేదు.

గోడతోపాటు కూలర్‌ను కూడా అనుమానించాలి. మన దేశంలో 27 వైద్య కేంద్రాల నుంచి సేకరించి 2017లో ప్రచురించిన ఊపిరితిత్తుల వ్యాధుల రిజిస్ట్రీలో (రోగుల వివరాల నమోదు పట్టికలో), ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే జబ్బులతో నమోదైన 1,084 మందిలో 47.3 శాతానికి ఉన్నది, పీల్చిన గాలిలోని పదార్థాలు పడక వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. వీరిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలి పీలుస్తూ వచ్చినవారే. ఏడాదికోసారి కూడా గడ్డి మార్చకుండా, నిరుటి నీటి మడ్డితోనే మార్చిలో స్విచ్ వేసే ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉంటాయో లెక్కేసుకోవచ్చు.

మన భాషలో ఒక చిక్కు ఉంది. సాలెగూడుకూ బూజే అంటాం, గోడమీద పెరిగే శిలీంధ్రానికీ బూజే అంటాం. అందుకేనేమో రెండింటికీ ఒకటే వైద్యం చేస్తాం: బూజుకర్ర. పొడిగా ఉన్న బూజును కర్రతోనో చీపురుతోనో దులిపితే కంటికి కనిపించని సిద్ధబీజాలు (బూజుకు విత్తనాల్లాంటివి) గదంతా లేచి, నేరుగా దులిపేవారి ముక్కులోకే పోతాయి. కొద్దిపాటి మచ్చ అయితే ముక్కుకు మంచి మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని, సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తడిగా తుడిచి, ఆ చోటును వెంటనే ఆరబెట్టాలి. పిల్లల్ని ఆ పూట గదిలోకి రానివ్వకూడదు. బ్లీచింగ్ ద్రావణం టైల్స్‌మీద పనిచేస్తుంది గాని, నీరు పీల్చే ప్లాస్టరింగ్ లోపలికి దిగిన బూజును అందుకోలేదు. దానిలో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తడిసి బూజుపట్టిన దూది పరుపులు, ప్లైవుడ్ అల్మరాలు ఎంత ఎండబెట్టినా బాగుపడవు, వదిలించుకోవలసిందే.

అసలు మూలం నీరు. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే బూజు సాధారణంగా పట్టదు. వరదనీటిని పీల్చిన ఇటుక గోడకు మాత్రం నెలలు కావాలి. నేను ఆ సమయం ఇవ్వకుండా పైన ప్లాస్టిక్ పెయింటు వేసి, లోపలి తడి బయటికి పోయే దారి మూసేశాను. పాత ఇళ్లలో ఏటా వేసే సున్నం గోడను ఊపిరి పీల్చనిచ్చేది, తన క్షారగుణంతో బూజును కొంతకాలం ఆపేది. దాన్ని చౌకబారుదని మనమే వదిలేశాం.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద పరికరమేమీ అక్కరలేదు. మూరెడు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి, ఒకటి రెండు రోజులు ఆగితే చాలు. ఈ వేసవిలో నేను అలా అంటించి మర్నాడు చూస్తే లోపలివైపు నీటి బిందువులు వరుసగా నిలిచి ఉన్నాయి, మే నెల ఎండల్లో! మేస్త్రీని పిలిచి, నీటి గుర్తుకు అడుగు పైవరకూ ప్లాస్టరింగ్ కొట్టించి, ఇటుకలను గాలికి వదిలేశాను.

వరద చూడని ఇళ్లలోనూ సన్‌షేడ్ పగుళ్లు, బాత్‌రూమ్ గోడలో కారే పైపు, స్లాబుమీద నిలిచే నీరు ఇదే పని చేస్తాయి. వాటిని సరిచేయించి, బయటి గోడకు బీరువాను నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వాడితే చాలావరకు అదుపులో ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో పడకగదిలో దండెం కట్టి బట్టలు ఆరవేయడం మానాలి. ఆ రోజుల్లో కిటికీలు తీస్తే కోస్తా గాలి తేమను ఇంకా లోపలికి తెస్తుంది. తెరపి ఇచ్చి ఎండ కాసినప్పుడు తీయడం మేలు.

ఇక బాధ్యత ఎవరిదన్న మాట. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో పెరిగిన అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాలుడు 2020 డిసెంబరులో శ్వాస సమస్యతో మరణించాడు. అతని పేరిట వచ్చిన చట్టం 2025 అక్టోబరు నుంచి అమలవుతోంది. అక్కడి సామాజిక గృహాల (స్థానిక ప్రభుత్వాలు, గృహ సంస్థలు తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్ల) యజమానులు తీవ్రమైన చెమ్మ, బూజు ఫిర్యాదుపై పది పనిదినాల్లో పరిశీలన జరపాలి. మన కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం గోడలకు వెల్ల వేయించడాన్ని యజమాని బాధ్యతల్లో చేర్చింది. వెల్ల వేయించేముందు గోడ ఆరిందా అన్న ప్రశ్న కూడా అందులో ఉండాలని యజమానిగానే కోరుతున్నాను. ముంపు ప్రాంతాల్లో బ్లీచింగ్ చల్లే నగరపాలక సిబ్బంది, గోడలు ఆరేవరకూ రంగు వేయవద్దని చెప్పే ఒక కరపత్రం పంచినా ఎంతో మేలు.

ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్లింది. వారి అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇచ్చేశాను. గత వారం అంటించిన పాలిథిన్ ముక్క వెనక ఈశాన్యం మూల ఇంకా చెమ్మ కనిపిస్తోంది. టు-లెట్ బోర్డు అటకమీదే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయవాడ.