మా అమ్మాయి స్టీరింగ్ పట్టింది, బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. అందిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను. కానీ చివర్లో నువ్వు రాసిన ఆ ఒక్క లైను దగ్గర ఆగిపోయాను. "మా అబ్బాయి పేరు కారు ఇన్సూరెన్స్ పాలసీలో చేర్చకుండా, ఎప్పటిలాగే నా పేరు మీదే నడిపించేస్తే ఏమవుతుందంటావు?" అన్నావు చూడు, దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేను. పోయినేడాది సరిగ్గా ఇదే ఆలోచన నాకూ వచ్చింది మరి. ఫోన్‌లో చెప్తే మధ్యలో "సర్లేరా, సర్లే" అని దాటేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

అమ్మాయికి లైసెన్సు వచ్చిన రోజు మా ఇంట్లో హడావిడి నువ్వు చూడాల్సింది. సాయంత్రం అందరినీ ఎక్కించుకుని ఒక రౌండు తిప్పింది. నేను పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. నీ చెల్లెలు వెనక కూర్చుని, "అది బాగానే నడుపుతోంది, మీరే కాస్త కుదురుగా కూర్చోండి" అని నన్ను తిట్టింది. నిజానికి బాగానే నడిపింది. ఆ సంబరంలోనే మర్నాడు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, ఇంకో డ్రైవర్ని చేర్చమన్నాను. అవతలి వ్యక్తి కాసేపు కీబోర్డు టకటకలాడించి ఒక అంకె చెప్పాడు. "మొత్తానికా, లేక ఇప్పుడు కడుతున్నదాని మీద అదనంగానా?" అని అడిగాను. అదనంగానేనట! మా ఇద్దరికీ కలిపి కడుతున్నదానికి ఇంచుమించు రెట్టింపయింది బిల్లు.

నువ్వు ఉత్తరంలో తిట్టినట్టే నేనూ తిట్టాను. మా పిల్ల ఎంత జాగ్రత్తగా నడుపుతుందో వీళ్ళకేం తెలుసు, అని. తెలీదు, నిజమే. తెలీదు కాబట్టే ఆ వయసు వాళ్ళందరినీ ఒక గాటన కడతారు. ఆ గుంపు లెక్కలేమో భయపెట్టేలా ఉన్నాయి. అమెరికా లెక్కల్లో, నడిపిన మైళ్ళతో పోల్చి చూస్తే, 16 నుంచి 19 ఏళ్ళ వాళ్ళు ప్రాణాలు పోయే ప్రమాదాల్లో పడటం ఇరవై దాటిన వాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఒంటరిగా నడిపే మొదటి కొన్ని నెలలు మరీ గండం. రాత్రి పూటా, కారు నిండా స్నేహితులు ఎక్కినప్పుడూ ఇంకా ఎక్కువ. అందుకే న్యూజిలాండ్ వాళ్ళు 1987లోనే కొత్త డ్రైవర్లకి మెట్లు మెట్లుగా లైసెన్సు ఇచ్చే పద్ధతి తెచ్చారు. ముందు నేర్చుకునే దశ, తర్వాత రాత్రుళ్ళు ఒంటరిగా నడపకూడదు, స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు అనే షరతులతో కొన్నాళ్ళు, ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. తర్వాత చాలాచోట్ల అదే దారి పట్టారు. ఇది చదివాక కంపెనీ మీద నా కోపం సగం తగ్గింది. మిగతా సగం ఇంకా ఉంది, అది వేరే సంగతి.

సరే, అసలు విషయానికొస్తాను. ఆ అంకె విన్న రాత్రి నేను వేరే కంపెనీ రేటు చూద్దామని ఆన్‌లైన్‌లో ఫారం నింపుతున్నాను. "మీ ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్ళు ఎవరెవరు?" అని అడిగింది. నా పేరు, నీ చెల్లెలి పేరు కొట్టి ఆగాను. మూడో పేరు వదిలేసి రేటు చూశాను. ఎంత ముద్దొచ్చిందో ఆ రేటు! మళ్ళీ వెనక్కి వెళ్ళి మూడో పేరు పెట్టి చూశాను. మళ్ళీ తీసేశాను. ఇలా అర్ధరాత్రి దాకా ఆడాను. ఇంకొంచెం తెలివి చూపించి, "కారు ఎక్కువగా నడిపేది నేనే, అమ్మాయి ఎప్పుడో ఒకసారి" అని కూడా రాసి చూశాను. రోజూ కాలేజీకి కారు తీసుకెళ్ళబోయేది అమ్మాయే అని నాకు తెలుసు. అయినా రాశాను.

బ్రిటన్‌లో దీనికి ఫ్రంటింగ్ అని పేరే ఉంది తెలుసా? పిల్లాడు నడిపే కారుకి తండ్రిని అసలు డ్రైవర్‌గా చూపించడం. అక్కడ దాన్ని మోసం కిందే లెక్కేస్తారు. నన్ను ఆపింది మాత్రం ఆ చట్టం కాదు, మా ఆఫీసులో ఒకాయన అనుభవం. ఆయన కొడుకు పేరు పాలసీలో లేదు. కుర్రాడు ఒక సాయంత్రం ఆగి ఉన్న కారుని గుద్దేశాడు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కంపెనీ వాళ్ళు వచ్చి ఎంతో మర్యాదగా అడిగారట: ఈ అబ్బాయి ఎన్నాళ్ళుగా నడుపుతున్నాడు, రోజూ ఎక్కడికి వెళ్తాడు, కారు రాత్రిళ్ళు ఎక్కడ ఉంటుంది, అని. ఆ మూడు ప్రశ్నల్లోనే కథ అంతా బయటపడింది. సొంత కారు రిపేరుకి పైసా రాలేదు. ఎదుటి కారుకి ఇచ్చిన డబ్బు కూడా తర్వాత ఆయన దగ్గరే వసూలు చేశారు. పైగా పాలసీ రద్దు చేశారు. అన్నిటికన్నా అదే పెద్ద దెబ్బట. ఎందుకంటే ఆ తర్వాత ఏ కంపెనీ గడప తొక్కినా, "ఇంతకుముందు మీ పాలసీ ఎవరైనా రద్దు చేశారా?" అనే ప్రశ్న ఎదురొస్తుంది. అవును అన్న మరుక్షణం రేటు కొండెక్కుతుంది. కొడుకు పేరు రాయించి ఉంటే అయ్యే ఖర్చు కంటే ఇప్పుడు తన ఒక్కడి పేరు మీదే ఎక్కువ కడుతున్నాడాయన.

కాబట్టి బావా, పేరు రాయించు. ఎక్కువగా నడిపేది వాడే అయితే ఆ మాటే చెప్పు. డబ్బు ఎక్కడ తగ్గించుకోవాలో అక్కడ తగ్గించుకుందాం.

అన్నిటికన్నా ఎక్కువ తేడా వచ్చేది కారులో. మనం ముందు కారు కొంటాం, తర్వాత ఇన్సూరెన్స్ రేటు అడిగి గుండెలు బాదుకుంటాం. తిరగెయ్యాలి. నువ్వు రాశావే, సెకండ్ హ్యాండ్‌లో రెండు డోర్ల కారు, ఎర్రది, ఎవరో చవగ్గా ఇస్తున్నారని? రంగుతో కంపెనీకి పనిలేదు, ఎరుపైతే ఎక్కువ అనేది ఉత్త పుకారు. కానీ ఆ ఇంజను, ఆ మోడల్‌కి గతంలో వచ్చిన క్లెయిములు, దాని స్పేర్ పార్టుల ధర, ఇవన్నీ చూస్తారు. కారు చవగ్గా దొరికినా ప్రీమియం చవగ్గా ఉండదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా. మా అమ్మాయి కూడా ఇలాంటిదే ఒకటి చూసి మోజుపడింది. అడ్వాన్సు ఇవ్వబోయే ముందు ఆ మోడల్ పేరు చెప్పి రేటు అడిగాను, తర్వాత ఏ హంగూ లేని నాలుగు డోర్ల మధ్యరకం కారు పేరు చెప్పి అడిగాను. ఆ తేడా కాగితం మీద రాసి అమ్మాయి ముందు పెట్టాను. రెండు రోజులు మూతి ముడుచుకుంది, తర్వాత ఒప్పుకుంది.

కారు ఎంచేటప్పుడు ఇంకోటి చూడు. మరీ చిన్న డబ్బా లాంటిది వద్దు, గుద్దుకుంటే లోపలున్నవాళ్ళకి రక్షణ తక్కువ. జారే రోడ్డు మీద కారు అదుపు తప్పకుండా పట్టి ఉంచే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉండాలి. అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి అది తప్పనిసరి, అంతకన్నా పాతదైతే ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. వాడు వీల్స్ మారుస్తానని, సైలెన్సర్ మారుస్తానని అంటాడు, ముందే చెప్తున్నాను. మార్పులు కంపెనీకి చెప్తే ప్రీమియం పెరుగుతుంది, చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ. రెండూ మనకెందుకు?

వాడికి విడిగా పాలసీ తీసుకుందామా అని కూడా అడిగావు. మేం అడిగి చూశాం. పెద్దవాళ్ళ పాలసీలో చేర్చడమే తక్కువలో తేలింది, చాలామందికి అలాగే తేలుతుంది. నా పాత రికార్డు, ఇంట్లో రెండో కారు, అన్నీ కలిపి కాస్త సాయపడ్డాయి. కాకపోతే వాడు చేసే ప్రమాదం నీ ప్రీమియం మీద కూడా పడుతుంది, అది మనసులో పెట్టుకో.

ఇక ఏం కత్తిరించాలి, ఏం కత్తిరించకూడదు అనే దగ్గర నేనొక తప్పు చెయ్యబోయాను. ప్రీమియం తగ్గించమంటే ఒక ఏజెంట్, ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే కవరేజీని చట్టం అడిగే కనీసానికి తగ్గించి చూపించాడు. బిల్లు తగ్గింది, నేను సంతోషించాను. నీ చెల్లెలే అడిగింది: "అది ఎవరినైనా గుద్దితే, ఆస్పత్రి ఖర్చు ఈ కనీసం దాటితే, మిగతాది ఎవరు కడతారు?" ఏజెంట్ గొంతు సవరించుకున్నాడు. మేమే కట్టాలి, ఇల్లు అమ్మైనా సరే. మన సొంత కారు సొట్టపోతే పోయేది ఆ కారు ఖరీదు వరకే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఆ ఖర్చుకి అంతు ఉండదు. కొత్తగా నడిపే పిల్లలున్న ఇంట్లో ఆ కవరేజీ పెంచుకోవాలి గానీ తగ్గించకూడదు. దానికి బదులు మేం డిడక్టిబుల్ పెంచాం, అంటే రిపేరు బిల్లులో ముందుగా మన జేబు నుంచి పెట్టుకునే వాటా. దాంతో ప్రీమియం కాస్త దిగింది. ఆ వాటాకి సరిపడా డబ్బు మాత్రం బ్యాంకులో కదిలించకుండా పక్కన పెట్టాను. కారు బాగా పాతదై, దాని విలువ ఎంతో లేకపోతే, సొంత కారు డ్యామేజీ కవరేజీ మొత్తంగా మానెయ్యడం కూడా తప్పేం కాదు.

ఇప్పుడు నువ్వు నవ్వే భాగం. నడిపే తీరుని చూసి తగ్గింపు ఇస్తామని కంపెనీ ఒక యాప్ ఇచ్చింది. సడన్ బ్రేకులు, ఒక్కసారిగా వేగం పెంచడం, స్పీడు, రాత్రి ఏ టైములో తిరిగాం, నడుపుతూ ఫోన్ ముట్టుకున్నామా, అన్నీ రాసుకుంటుంది. ఇంట్లో అందరి ఫోన్లలో వెయ్యమన్నారు. మొదటి నెల మార్కులు వచ్చాయి. అమ్మాయి ఫస్టు, నీ చెల్లెలు సెకండు, నేను ఫెయిలు! ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాను కదా అని దానికి రోజూ పాఠాలు చెప్పిన నోరు అప్పట్నుంచీ పెగలడం లేదు. కొన్నాళ్ళకి ఇంకోటి తెలిసింది. ఎవరి కార్లోనో పక్క సీట్లో కూర్చున్నా, నేనే నడుపుతున్నాననుకుని ఆ బ్రేకులన్నీ నా ఖాతాలో రాస్తోంది. యాప్‌లోకి వెళ్ళి "ఈ ప్రయాణంలో నేను డ్రైవర్ని కాదు" అని మార్చుకోవాలి. అవి మార్చినా నా మార్కులు పెద్దగా పెరగలేదనుకో. నువ్వు ఒప్పుకునే ముందు ఒక్కటి అడుగు: మార్కులు తక్కువొస్తే తగ్గింపు రాకుండా పోతుందా, లేక ప్రీమియం పెరుగుతుందా? కంపెనీని బట్టి మారుతుందది.

చదువులో మంచి మార్కులున్నా కొన్ని కంపెనీలు తగ్గిస్తాయి. మార్కులకీ బ్రేకులకీ ఏం సంబంధమో నాకిప్పటికీ అర్థం కాలేదు, కానీ ఇస్తామంటే వద్దంటామా? వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మనమే అడిగి మార్కుల కాగితం పంపాలి. వచ్చే ఏడాది మీ వాడు కారు ఇంట్లో వదిలి దూరంగా హాస్టల్‌కి వెళ్తే అదీ చెప్పు, దానికీ తగ్గింపు ఉంటుంది. ఇక ఆడపిల్ల కాబట్టి నాకు తక్కువ పడి ఉంటుందని దెప్పావు. కొన్నిచోట్ల అది నిజమే. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం 2012 డిసెంబర్ 21 నుంచి కొత్త పాలసీల్లో ఆడా మగా తేడాతో రేటు కట్టకూడదు, వాళ్ళ కోర్టు తీర్పు అది.

రేట్లు పోల్చేటప్పుడు నాలాగా రెండు ఆదివారాలు తగలేసుకోకు. ఒకడు ఎక్కువ కవరేజీతో, ఇంకోడు తక్కువ కవరేజీతో, మరొకడు పెద్ద డిడక్టిబుల్‌తో చెప్పిన అంకెల్ని పక్కపక్కన పెట్టి, ఏది తక్కువని తల బద్దలు కొట్టుకున్నాను. నీ పాలసీ మొదటి పేజీ చేతిలో పెట్టుకుని, అందరినీ అవే అంకెలతో రేటు చెప్పమను. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంటుతో పాటు, నాలుగైదు కంపెనీల రేట్లు చూపించే బ్రోకర్ని కూడా అడుగు. నాకు చివరికి అక్కడే దొరికింది. వాయిదాల్లో కడితే పైన ఎంత పడుతుందో కూడా కనుక్కో.

అన్నట్టు, మీ వాడు సాయంత్రాలు డెలివరీ పని చేస్తానంటున్నాడని రాశావు. ఆగమను. సొంత అవసరాలకి తీసుకున్న పాలసీలు చాలావరకు డబ్బు కోసం సరుకులు చేరవేసే పనికి వర్తించవు. పార్సిల్ సీట్లో ఉండగా ఏదైనా అయితే మళ్ళీ మా ఆఫీసాయన కథే.

మా అమ్మాయి ఈ ఏడాదిలో ఒక్కసారే గోడకి గీరింది, అదీ మా ఇంటి గోడకే. క్లెయిమ్ వెయ్యలేదు, వేస్తే రెన్యువల్‌లో అంతకంతా లాగుతారని సొంతంగానే బాగు చేయించాం. సగం డబ్బు తన దాచుకున్నదాంట్లోంచి ఇచ్చింది. అప్పట్నుంచీ గేటు దగ్గర దిగి చూసి మరీ తిప్పుతోంది.

ఆ ఎర్ర కారుకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. మోడల్ పేరూ, నీ పాలసీ మొదటి పేజీ ఫొటో పంపు, మా బ్రోకర్ చేత రేటు కట్టించి చెప్తాను. వాడు అలిగితే నాకు ఫోన్ ఇవ్వు, మా అమ్మాయి చేత మాట్లాడిస్తాను. మనం చెప్తే వినరు గానీ వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటే వింటారు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
ఫెయిలైన డ్రైవరు