విమానంలో నువ్వడిగిన ప్రశ్నకు సరైన జవాబు

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు.

మొన్న విమానంలో నువ్వడిగిన ఒక ప్రశ్నకు నేను తొందరపడి తప్పు జవాబు చెప్పాను. దాన్ని సరిదిద్దకుండా వదిలేయడానికి మనసొప్పలేదు. నోటితో చెబితే నలుగురి మాటల్లో పడి కొట్టుకుపోతుందని కాగితం మీద పెడుతున్నాను.

కిటికీ దగ్గర నువ్వు, మధ్యలో నేను, నడవ వైపు తమ్ముడు, అవతలి వరుసలో అమ్మా నానమ్మా కూర్చున్నాం. బయలుదేరే ముందు సిబ్బంది ఆక్సిజన్ మాస్క్ చూపించి, ముందు మీరు తగిలించుకుని ఆ తరువాతే పక్కవారికి సాయం చేయండని చెప్పినప్పుడు, నువ్వు నా చెయ్యి పట్టుకుని "నాన్నా, ముందు నాకు పెడతావా, నువ్వు పెట్టుకుంటావా?" అని అడిగావు. "నీకే తల్లీ" అన్నాను. నువ్వు నిశ్చింతగా కిటికీ వైపు తిరిగావు.

తండ్రి నోటికి ముందుగా వచ్చే మాట అదే, కానీ అది సరైన మాట కాదు. 35,000 అడుగుల ఎత్తున లోపలి గాలి ఒత్తిడి ఉన్నట్టుండి పడిపోతే, మనిషి బుద్ధి సరిగా పనిచేసే సమయం ఒక్క నిమిషం కూడా ఉండదు. ఆ కాస్త వ్యవధిలోనే వేళ్లు తడబడతాయి, పైగా తనకేమీ కాలేదన్న భ్రమ కూడా కలుగుతుంది. నీ మాస్క్ పట్టీ సరిచేస్తూ నేనే కూలబడితే తమ్ముడి సంగతి చూసేవారుండరు. అదే నేను ముందు పెట్టుకుంటే, ఆ కొద్ది సెకన్లలో మీకు కళ్లు తిరిగినా, ఆక్సిజన్ అందగానే తేరుకుంటారు. ఆ మాస్కులు పన్నెండు నిమిషాల పైచిలుకు ఆక్సిజన్ ఇస్తాయి. ఈలోగా పైలట్ విమానాన్ని మామూలుగా ఊపిరి తీసుకోగలిగే 10,000 అడుగుల ఎత్తుకు దించుతాడు.

కాబట్టి నా అసలు జవాబు ఇది. ముందు నేను పెట్టుకుంటాను, ఆ వెంటనే నా చేతులు తమ్ముడి వైపు వెళతాయి, ఎందుకంటే నీ మాస్క్ నువ్వే లాగి ముక్కూ నోరూ మూసేలా పెట్టుకోగల వయసు నీకొచ్చింది. ఇది రాయడం నాకు తేలిక కాదు, అయినా నువ్వు తెలుసుకుని ఉండడమే నాకు ధైర్యం.

తరువాత చాలాసేపు నువ్వు కిటికీ అడుగున ఉన్న సూది బెజ్జమంత రంధ్రాన్నే చూస్తూ కూర్చున్నావు. దాని చుట్టూ మంచు సన్నని పోగుల్లా పేరుకుని చిన్న పువ్వులా విచ్చుకుంది. అది పగులేమోనని నీకు అనుమానం వచ్చిందని నీ ముఖం చూసి గ్రహించాను. ఆ కిటికీకి మూడు పొరలుంటాయి. బయటి పొర ఒత్తిడినంతా మోస్తుంది, మధ్య పొర దానికి తోడుగా ఆపత్కాలం కోసం ఉంటుంది. మధ్య పొరలోని ఆ రంధ్రం గుండా గాలి అటూ ఇటూ పోవడం వల్లనే భారం బయటి పొర మీద పడుతుంది. బయట సున్నాకు దిగువన 50 డిగ్రీల చలి కాబట్టి, ఆ గాలిలోని తేమ అక్కడ మంచుగా మారింది. కిటికీ మూలలు గుండ్రంగా ఉండడానికీ కారణముంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమైతే, ఒత్తిడి మాటిమాటికీ పెరిగి తగ్గడంతో లోహం అలసిపోయి, కిటికీల వంటి తెరుపుల మూలల్లో పగుళ్లు మొదలయ్యాయని పరిశోధనలో తేలింది. తమ్ముడికి కనబడాలని నువ్వు సీటుకు వీపు ఆనించి దారి ఇచ్చావు, వాడు నా ఒడి మీదుగా వంగి ఆ మంచు పువ్వును ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ క్షణం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

విమానం దిగడం మొదలవగానే నిద్రపోతున్న తమ్ముణ్ని నేను లేపితే నువ్వు నా మీద కోప్పడ్డావు. లోపల దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలుచని గాలి ఉంటుంది, దిగుతున్న కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. చెవి నుంచి గొంతులోకి ఉన్న సన్నని గొట్టం తెరుచుకుంటేనే చెవి లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సర్దుకుంటాయి. గుటక వేస్తే అది తెరుచుకుంటుంది, నిద్రలో గుటకలు తక్కువ. ముందు వరుసలో గుక్కపట్టి ఏడ్చిన పసిబిడ్డ, తల్లి పాలు పట్టగానే ఊరుకున్నది అందుకే. నానమ్మ చెవి మూసుకుని బాధపడుతుంటే, నువ్వు నడవ వైపు తల చాచి, మెడ మీద వేలు పెట్టి గుటక వేసి చూపించావు. ఆవిడ నిన్ను చూస్తూ, గుక్కెడు నీళ్లతో అలాగే చేసి, చివరికి నవ్వింది.

దీపాలు తగ్గించినప్పుడు మాత్రం నువ్వు ఉలిక్కిపడ్డావు. అది ఏదో చెడిపోయి కాదు, ఒకవేళ చీకట్లోకి దిగవలసి వస్తే కళ్లు ముందే అలవాటుపడి ఉండాలని అలా చేస్తారు.

ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు. మాస్క్ సంగతి మాత్రం నానమ్మకు గుటక చూపించినట్టే, వాడి ఎదుట కూర్చుని చేతులతో చేసి చూపించు.

ఇట్లు,
మీ నాన్న