జాడీ ఇంకా పంపలేదు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్నటి గాలివానకు పెరట్లో మునగచెట్టు కొమ్మ విరిగి గోడ అవతల పడింది తప్ప వేరే నష్టమేమీ లేదు. మీ అమ్మ ఈ ఏడు పదిహేను కాయలకే ఆవకాయ కలిపింది. మూడో రోజున తిరగకలిపి, నీ వాటా చిన్న జాడీలోకి తీసి, వాసెన కట్టి, హాల్లో బల్ల మీద పెట్టింది. దానిని కొరియరుకు ఇవ్వకుండా ఆపినది నేనే. కారణం అమ్మకు ఇంకా చెప్పలేదు.

కిందటి వారం చిన్నా వచ్చాడు. వాడు చాడీలు చెప్పేవాడు కాదని నీకూ తెలుసు, కనుక వాడి మీద కోపం తెచ్చుకోవద్దు. నీ తలగడ పక్కన కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ 40 మాత్రల షీట్లు నాలుగు ఖాళీగా పడి ఉన్నాయని, అడిగితే సంక్రాంతి నుంచి వేసుకుంటున్నానన్నావని, మనిషివి చిక్కిపోయావని చెప్పాడు. మూడు ఆదివారాలుగా నీ ఫోను రాలేదు. పని ఒత్తిడి అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేకపోతున్నాను.

సరే, ఆ సంగతి అలా ఉంచు. ఒంగోలులో నాకు జరిగినది నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. అది 1999 ఏప్రిల్, నీకు రెండేళ్ళు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషనుకు వెళ్ళి, పది రోజులు ఒక పాఠశాల గదిలో బల్లలు జరుపుకొని చాపల మీద పడుకున్నాము. అప్పటికే నాకు ఛాతీలో మంట ఉండేది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఒమెప్రజోల్ గొట్టం మాత్రలు జేబులో ఉండేవి; అదీ నీ మందు కోవకు చెందినదే. పొద్దున్నే రెండు ఇడ్లీ, అల్లం పచ్చడి, కాఫీ అయిన తరువాత తీరుబడిగా ఒక గొట్టం వేసుకునేవాడిని. మందు వేసుకున్నాను కదా అని మధ్యాహ్నం గోంగూర, సాయంత్రం బస్టాండు ఎదుట మిరపకాయ బజ్జీలు తినేవాడిని. ఎనిమిదో రోజు రాత్రి పదిన్నరకు పులిహోర తిని, వెంటనే పడుకున్నాను. ఒంటిగంటకు మెలకువ వచ్చేసరికి గొంతు దాకా పులిసిన నీళ్ళు, ఛాతీ మీద బండ పెట్టినంత బరువు. గుండెపోటే అనుకొని సుబ్బారావు మాస్టారు నన్ను ఆటోలో కూర్చోబెట్టి, చల్లబడిన నా చేతిని ఆసుపత్రి గుమ్మం వరకు విడవలేదు. ఆయన జేబులోని ఎర్ర సిరా పెన్ను కారి, నా చొక్కా భుజం మీద మరక పడింది. ఆ మరకను చూసి మీ అమ్మ తరువాత ఎంత భయపడిందో చెప్పలేను.

ఇ.సి.జి. బాగానే ఉంది. ఆ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, మందు ఎప్పుడు వేసుకుంటున్నారు అని. టిఫిను తరువాత అన్నాను. ఆయన చీటీ వెనుక జీర్ణాశయం బొమ్మ గీసి, దాని గోడల్లో ఆమ్లాన్ని తోడే పంపులు ఉంటాయని, ఆహారం లోపల పడినప్పుడే అవి నిద్ర లేస్తాయని, ఆ వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉంటేనే వాటిని పట్టుకోగలదని వివరించారు. అందుకే పరగడుపున, టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఒక్క రోజులో పూర్తి గుణం కనిపించదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. నీ మాత్రను కూడా నమలకుండా, విరవకుండా మింగు. కడుపులోని ఆమ్లం మందును పాడుచేయకుండా దాని మీద పూత ఉంటుంది. నువ్వు కాఫీతో పాటు వేసుకుంటున్నావేమోనని నా అనుమానం.

బొమ్మలో ఆయన అన్నవాహిక చివర ఒక తలుపు గీసి, దాని మీద రెండుసార్లు పెన్ను తిప్పారు. ఈ మందు ఆమ్లాన్ని తగ్గిస్తుంది కానీ, ఆ తలుపును బిగించదు. నూనెలో వేగినవి, చాక్లెట్, కాఫీ దానిని వదులు చేస్తాయి. పుదీనా కడుపుకు మంచిదని మనవాళ్ళంటారు, కానీ అది కూడా ఆ తలుపును సడలిస్తుంది. సోడా తాగితే కడుపు ఉబ్బి, తేన్పుతో పాటు పులుపు పైకి వస్తుంది. నాయనమ్మ అర్ధరాత్రి లేచి పాలు తాగడం నీకు గుర్తుండే ఉంటుంది. పాలు కాసేపు చల్లబరచి, తరువాత ఆమ్లాన్ని మళ్ళీ ఊరిస్తాయి. ఆ అలవాటు నీకు వద్దు.

నువ్వు రాత్రి పదకొండుకు తెప్పించుకునే నూడుల్స్ సంగతి కూడా చిన్నా చెప్పాడు. శ్రావణీ, ఎనిమిదికల్లా తిను. పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు, మెత్తటి అన్నం, కాస్త మజ్జిగ చాలు. చారులో చింతపండు తగ్గించు. తిన్న తరువాత మూడు గంటలైనా పడుకోకు. పడుకున్నప్పుడు ఎడమవైపుకు తిరుగు. రెండు తలగడలు పెట్టుకుంటే కడుపు మడతపడి మరింత ఇబ్బంది; మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తు చెయ్యి. అందరికీ అన్నీ పడకుండా పోవు. నాకు టమాటా పడదు, అమ్మకు ఏమీ కాదు. తిన్నది, మంట వచ్చిన వేళ ఒక పుస్తకంలో పది రోజులు రాసుకో, నీకు పడనివేమిటో నీకే తెలుస్తాయి.

ఇలా పాఠం చెప్పకూడదని కూర్చున్నాను, అయినా చెప్పేశాను. అయితే నా అసలు ప్రశ్న వేరు. ఈ మాత్ర మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలకు వ్రాస్తారు. సంక్రాంతి నుంచి లెక్కవేస్తే నాలుగు నెలలు దాటింది. నీకు ఇది వ్రాసినది ఎవరు? ఎవరైనా వ్రాశారా? ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఆహారంలోని బి12 విడివడడానికి కడుపులో ఆమ్లం కావాలి. మనది శాకాహారపు ఇల్లు, అది మనకు పాలు, పెరుగు వల్ల వచ్చేదే తక్కువ. అలాగని ఈ ఉత్తరం చదివి రేపే మానేయకు. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎదురుతిరిగి ఎక్కువగా ఊరుతుంది. డాక్టరుకు చూపించుకొని, ఆయన చెప్పినట్లు తగ్గించుకో. థైరాయిడ్ మాత్ర సంగతీ, తలనొప్పికి వేసుకునే బిళ్ళల సంగతీ ఆయన దగ్గర దాచకు. ఈ మందుతో థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు, నొప్పి బిళ్ళలలో కొన్ని కడుపును దెబ్బతీస్తాయి.

చిక్కిపోయావన్న ఆ ఒక్క మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. నువ్వు కావాలని తగ్గావా, దానంతట అదే తగ్గిందా? ముద్ద గొంతులో అడ్డుపడుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళి నాకు చెప్పు, రాత్రి బండికే బయలుదేరి వస్తాను.

జాడీ బల్ల మీదే ఉంది. ఎండిన కరివేపాకు పొడి, కారం లేకుండా, అమ్మ చేత వేరే డబ్బాలో పెట్టిస్తున్నాను; అది రేపే పంపుతాను. నువ్వు పొద్దున మాత్ర వేసుకున్నాక టిఫినుకు ముందు అరగంట ఖాళీ ఉంటుంది కదా, ఆ అరగంటలో నాకు ఫోను చెయ్యి. నేను ఆరింటికే లేచి ఉంటాను.

ఆశీస్సులతో,
నాన్న