కుదిరిన ఫీజుకు మించి వేసిన బిల్లు, ఇవ్వకుండా ఆపిన పత్రాలు: ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

విషయం: సివిల్ దావా ముగిశాక పంపిన రూ.1,30,390 బిల్లు, నా అసలు పత్రాల గురించి.

అయ్యా,

మధురవాడలో ఫ్లాటు కోసం కట్టిన అడ్వాన్సును బిల్డరు నుంచి రాబట్టేందుకు మీ సంస్థ ద్వారా దావా వేశాను. అది లోక్ అదాలత్‌లో రూ.9 లక్షలకు రాజీ అయింది. కేసు నడిపిన మీ జూనియర్ న్యాయవాది పని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అవతలివారు వాయిదా మీద వాయిదా అడుగుతున్నా ఆమె ఓపిగ్గా నిలబడి వ్యవహారాన్ని రాజీ దాకా తెచ్చారు. కేసు ముగిశాక మీ అకౌంట్స్ విభాగం చేసిన దాని మీదే నా ఫిర్యాదు.

వకాల్తా మీద సంతకం పెట్టిన రోజున మీ లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చిన కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. దావా ముగిసే వరకు మొత్తం ఫీజు రూ.60,000 అని, కోర్టు ఫీజు, నకళ్ల ఖర్చు రసీదుల ప్రకారం అదనమని అందులో స్పష్టంగా ఉంది. ఆ అరవై వేలూ మూడు విడతల్లో బ్యాంకు ద్వారా చెల్లించాను. కోర్టు ఫీజు విడిగా ఇచ్చాను. ఇప్పుడు పంపిన బిల్లులో వాయిదాల హాజరుకు రూ.35,000, సంప్రదింపులకు రూ.12,000, ఇతర ఖర్చులకు రూ.18,500, రాజీ సొమ్ములో 5 శాతం కింద రూ.45,000, వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీగా రూ.19,890 వేశారు. మొత్తం ఫీజు ఇంత అని రాసి ఇచ్చినవారు మళ్లీ వాయిదాకు ఇంతని ఎలా అడుగుతారు?

పోనీ, ఆ వాయిదాలనైనా సరిగ్గా లెక్కపెట్టారా అని చూశాను. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే నంబరు) కొడితే ఏ తేదీన ఏం జరిగిందో కనిపిస్తుంది. న్యాయాధికారి సెలవులో ఉన్నందున మరో తేదీకి వెళ్లిన రోజులకు కూడా మీరు పూర్తి హాజరు రుసుము వేశారు. న్యాయవాదులు విధులు బహిష్కరించిన రోజుకూ వేశారు. ఆ రోజు నేను కోర్టు ఆవరణలోనే ఉన్నాను, నా తరఫున ఎవరూ హాజరు కాలేదు. సంప్రదింపుల జాబితాలో, తర్వాతి వాయిదా ఎప్పుడని అడగడానికి నేను మీ గుమాస్తాకు చేసిన ఫోన్లు కూడా చేరాయి. ఇతర ఖర్చులకు ఒక్క రసీదూ జత చేయలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆ 5 శాతం. ఫలితాన్ని బట్టి ఫీజు గానీ, రాబట్టిన సొమ్ములో వాటా గానీ న్యాయవాది తీసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 20వ నియమం చెబుతోంది. తెలంగాణకు చెందిన ఒక మహిళకు వచ్చిన మోటారు ప్రమాద పరిహారం విషయంలో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. పైగా బిల్డరు ఇప్పటికి ఇచ్చింది సగమే. నా చేతికింకా రాని నాలుగున్నర లక్షల మీద కూడా మీరు వాటా కట్టారు.

నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయురాలిని, పింఛను మీద బతుకుతున్నాను. నాకు ఏ వ్యాపారమూ లేదు. వ్యాపారం లేనివారికి న్యాయవాదులు, న్యాయవాదుల భాగస్వామ్య సంస్థలు అందించే న్యాయసేవలకు 2017 నుంచే జీఎస్టీ మినహాయింపు ఉంది. మీ సంస్థ న్యాయవాదుల భాగస్వామ్య సంస్థే కదా. అలాంటప్పుడు ఈ పన్ను ఎవరికి కట్టడానికి వసూలు చేస్తున్నారు?

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలో 21వ సెక్షన్ ఉంది. అది వచ్చిందా, రావాల్సి ఉందా, దాని కోసం మీరు దరఖాస్తు చేశారా అన్నది బిల్లులో ఎక్కడా లేదు. కక్షిదారు ఇచ్చిన సొమ్ముకు లెక్క రాయాలని, అందులో ఫీజు ఎంత, ఖర్చు ఎంత అన్నది విడిగా చూపాలని, అడిగితే ఆ లెక్క నకలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. నేను అడుగుతున్నది ఆ లెక్కే. నకలు తీయడానికయ్యే ఖర్చు ఇస్తాను.

ఇక పత్రాలు. కోర్టు నుంచి వెనక్కి తీసుకున్న అసలు అమ్మకం ఒప్పందం, బిల్డరు ఇచ్చిన రసీదులు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) నకలు మీ దగ్గరే ఉన్నాయి. బిల్లు కడితేనే ఇస్తామని మీ ఉద్యోగి అంటున్నారు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కక్షిదారు ఫైలును పట్టి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. బిల్డరు రెండో విడత ఎగ్గొడితే నేను అమలు పిటిషన్ వేయాలి. కాగితాలన్నీ మీ బీరువాలో ఉంటే ఏం పట్టుకుని ఇంకో న్యాయవాది దగ్గరికి వెళ్లను?

న్యాయవాదుల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదని కూడా మీ ఉద్యోగి నాకు చెప్పారు. అది నిజమే, 2024 మే 14న సుప్రీంకోర్టు అలాగే తీర్పు ఇచ్చింది. కానీ 1961 నాటి అడ్వకేట్ల చట్టంలో 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే దారి తెరిచే ఉంది. ఆ దారి పట్టాలని నాకు లేదు. వకాల్తాలో ఉన్నది ఆ జూనియర్ పేరు. ఈ బిల్లుతో ఏ సంబంధమూ లేని అమ్మాయి నా ఫిర్యాదు వల్ల జవాబు చెప్పుకోవాల్సి రావడం నాకు ఇష్టం లేదు. అందుకే ముందు మీకు రాస్తున్నాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా బిల్లును రద్దు చేసి, నేను ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క పంపండి. నకళ్లకు నిజంగా అయిన ఖర్చు ఏదైనా బాకీ ఉంటే రసీదు చూపండి, వెంటనే చెల్లిస్తాను. పత్రాలకు మాత్రం ఆ 15 రోజులు కూడా ఆగలేను. ఈ వారంలోనే ఇప్పించండి. తీసుకోవడానికి మీ ద్వారకానగర్ కార్యాలయానికి నేనే వస్తాను, ముట్టినట్లు సంతకం చేసి ఇస్తాను. జవాబు ఫోనులో కాకుండా రాతపూర్వకంగా ఇవ్వండి.

జత: ఫీజు ఒప్పంద పత్రం, చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంటు, మీరు పంపిన బిల్లు, ఈ-కోర్ట్స్‌లోని వాయిదాల వివరాలు (నకళ్లు).

ఇట్లు,
మీ కక్షిదారు