శనివారం నాటి మబ్బు గురించి

నూజివీడు,
బుధవారం రాత్రి.

చిరంజీవి శ్రీనుకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. నీ క్షేమం తెలిసి నేటికి పదకొండు రోజులైంది. పని ఒత్తిడిలో ఉండి ఉంటావని అమ్మకు నేనే సర్దిచెబుతున్నాను కనుక ఆ సంగతి ఇక్కడ ఎత్తను. రానున్న నాలుగు రోజుల వాతావరణం నీకు వివరంగా తెలియజేయాలని మాత్రమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులోనైతే రెండో మాటకే "సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకని తీరికగా కూర్చుని వ్రాసి, చెల్లి చేత ఫొటో తీయించి పంపుతున్నాను.

అశ్విని కార్తె నడుస్తోంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెకు ఇంకా నెల దాటి గడువు ఉండగానే, పొద్దున తొమ్మిదింటికే వాకిట్లో కాలు మోపలేకపోతున్నాము. గురు, శుక్రవారాలలో ఎన్టీఆర్, ఏలూరు, పల్నాడు జిల్లాలలోనూ, అటు నల్గొండ, సూర్యాపేట వైపునా వడగాలులు వీస్తాయని వాతావరణ కేంద్రం వారి సూచన. శనివారానికి పరిస్థితి మారుతుంది. విదర్భ నుండి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా ద్రోణి (గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పట్టీ) ఏర్పడినందున, మధ్యాహ్నం దాటాక ఆ జిల్లాలలోనే ఉరుములు మెరుపులతో, గంటకు 40 నుండి 50 కిలోమీటర్ల ఈదురుగాలులతో వాన పడవచ్చునని, అక్కడక్కడ వడగళ్ళు కూడా ఉంటాయని చెప్పి నారింజ రంగు హెచ్చరిక పెట్టారు. ఆదివారం సాయంత్రానికి తగ్గుముఖం పడుతుంది.

నువ్వు హైదరాబాదు నుండి శనివారమే బయలుదేరుతున్నావనీ, అదీ బస్సులో కాకుండా కొత్తగా కొన్న మోటారు సైకిల్ మీదననీ కుమారి అత్తయ్య వాళ్ళ చిన్నవాడు అన్నట్లు అమ్మ చెవిన పడింది. నిజమో కాదో నేను అడగను. బండి కొన్న సంగతి మాకు చెప్పలేదేమని కూడా అడగను.

అంత ఎండ కాసిన చోటనే మరునాడు వడగళ్ళేమిటని నీకు అనుమానం రావచ్చు. ఎండకు కాగిన నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం మీదుగా వచ్చిన తేమ దానికి తోడైతే మధ్యాహ్నం రెండింటికి కనబడని మబ్బు నాలుగింటికల్లా పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరిగిపోతుంది. దాన్నే క్యుములోనింబస్ మేఘమంటారు. దాని పైభాగంలో అంతా మంచే. వానకంటే ముందు దాని కింది నుండి చల్లగాలి ఒక్కసారిగా నేలకు దిగి దుమ్ము లేపుతుంది. ఆ గాలికే చెట్ల కొమ్మలు విరుగుతాయి, ఫ్లెక్సీ బోర్డులు రోడ్డు మీదికి ఎగిరివస్తాయి. 2023 మార్చిలో తెలంగాణలో చేతికొచ్చిన మొక్కజొన్న ఒరిగిపోయి, మామిడికాయ నేలపాలైనది ఇలాంటి మబ్బులకే. మన తోటలో బంగినపల్లి ముదిరినంత మేరకు రేపు, ఎల్లుండి తెల్లవారుజామున కోయించేస్తున్నాను. గాలికి రాలిన కాయను వ్యాపారి సగం ధరకు కూడా అడగడు. చిన్న రసాలు ఇంకా ముదరలేదు. వాటిని దేవుడే కాపాడాలి.

నీకు జ్ఞాపకం ఉండదు గాని, నీ నాలుగో ఏట సరిగ్గా ఈ రోజుల్లోనే పెద్ద మామయ్య ఇంటి నుండి పెళ్ళికి ఇత్తడి గంగాళం తేవలసి వచ్చింది. వద్దని అమ్మ అంటున్నా వినకుండా నిన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని ఆగిరిపల్లి వైపు వెళ్ళాను. అప్పటికి నేను మండల కార్యాలయంలో రెయిన్‌గేజి చూసేవాణ్ణి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలిచి పైకి పంపే మనిషిని, ఆకాశం నాకు తెలుసుననే ధీమా ఉండేది. గంగాళం వెనక కట్టుకుని మూడున్నరకు తిరుగుముఖం పట్టేసరికి వాయవ్యాన తాటిచెట్ల మీద చెయ్యంత మబ్బు తప్ప ఏమీ లేదు. నాలుగు కిలోమీటర్లు రాకముందే ముందరి రోడ్డు కనబడనంత దుమ్ము లేచింది. ఎదుట ఒక చింతచెట్టు ఉన్నది, అందరూ దాని కిందికే పరుగెత్తుతున్నారు, నేనూ అటే తిప్పబోయాను. ఇంతలో దాని కొమ్మ ఒకటి రోడ్డుకు అడ్డంగా విరిగిపడింది. స్కూటరు అక్కడే పడవేసి, నిన్ను ఎత్తుకుని కాలువగట్టు పక్కన పల్లంలో కూర్చుని, ఆ గంగాళం నీ మీద బోర్లించి పట్టుకున్నాను. నిమ్మకాయలంత వడగళ్ళు పది నిమిషాలు కురిశాయి. లోపల నువ్వు ఏడుస్తున్నావో లేదో ఆ మోతలో నాకు వినబడలేదు. నా జీవితంలో అంత భయం మళ్ళీ ఎన్నడూ ఎరగను. ఆగిన తరువాత గంగాళం ఎత్తి చూస్తే రెండు చేతులతో చెవులు మూసుకుని నా వైపు చూశావు. మరునాడు ఉదయం రెయిన్‌గేజిలోని నీళ్ళు కొలిచి వాన వ్రాస్తూ ఉంటే నా చేతులు వణికాయి. గంగాళం మీది సొట్టలను అమ్మ ఈనాటికీ చదును చేయనివ్వలేదు.

అందుచేత చెబుతున్నాను. హైదరాబాదు నుండి విజయవాడకు 270 కిలోమీటర్లకు పైమాటే, ఆ తరువాత మన ఊరి దారి. శనివారం పొద్దున బయలుదేరితే సూర్యాపేట, కోదాడల మధ్య మిట్టమధ్యాహ్నపు ఎండ, నందిగామ దగ్గర సాయంత్రపు మబ్బు తగులుతాయి. వార్తల్లో చెప్పే 42 డిగ్రీలు నేలకు నాలుగడుగుల ఎత్తున, నీడగా, గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో కొలిచినవి. తారు రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకున్నవాడికి తగిలేది అంతకంటే చాలా ఎక్కువ. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. దాహం వేయకముందే నీళ్ళు తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగైనా, ఓఆర్ఎస్ అయినా సంచిలో ఉండాలి. మెరుపు మెరిశాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే మబ్బు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్లు. వెంటనే పక్కా కట్టడంలోకి వెళ్ళి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడరాదు. పిడుగు పడేటప్పుడు తలుపులు మూసిన బస్సులోనైతే చుట్టూ ఉన్న ఇనుము మనిషిని కాపాడుతుంది, మోటారు సైకిల్ మీద ఆ రక్షణ లేదు.

ఉపన్యాసం చెప్పకూడదనే కూర్చున్నాను, అయినా చెప్పేశాను. నువ్వు రావద్దని ఎంతమాత్రమూ కాదు. శుక్రవారం రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి విజయవాడలో ఉంటావు. ఎండ ముదరకముందే, మబ్బు పుట్టకముందే ఇంటికి చేరతావు. టికెట్టు డబ్బు చెల్లి చేత నీ ఖాతాకు వేయించాను. విజయవాడ బస్టాండులో దిగేసరికి నేను అక్కడ ఉంటాను, వద్దని చెప్పకు. సీటు నంబరు మాత్రం చెల్లికి పంపు, ఆ ఒక్క కబురు వస్తే అమ్మ కాస్త నిద్రపోతుంది. బండిని చెట్టు కింద వదలకుండా మీ అపార్ట్‌మెంటు సెల్లారులో పెట్టి తాళం వేసి రా.

ఇట్లు,
మీ నాన్న.